సీరం లేదన్నారు, సోమవారం లోపు ఏం చేయాలి?

గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా నుంచి ఒక తల్లి బుధవారం రాత్రి రాసి పంపిన లేఖ ఇది. పేరూ ఊరూ వేయొద్దన్నారు, వేయడం లేదు.

ఆదివారం పొద్దుగూకే వేళ వాళ్ల వాకిట్లో ఆరేళ్ల కొడుకుని కుక్క కరిచింది. కుడి చెంప మీద రెండు గాట్లు, చేతి మీద ఒకటి. అది వీధికుక్కే. మామగారు రోజూ గంజీ మిగిలిన అన్నమూ పెడుతుండటంతో ఇంటికుక్కలా మసలేది. టీకాలు ఎవరూ వేయించలేదు. అదే సాయంత్రం పక్కింటి లేగదూడనూ కరిచి వెళ్లిపోయింది, మళ్లీ కనపడలేదు. అత్తగారు గాయాలకు పసుపూ సున్నమూ పెట్టారు. సోమవారం పొద్దున దగ్గరి సర్కారు దవాఖానకు తీసుకెళితే రేబీస్ (పిచ్చికుక్క రోగం) టీకా మొదటి సూదీ, టీటీ సూదీ వేసి, "సీరం స్టాకు లేదు, పెద్ద దవాఖానకు పోండి" అని చీటీ రాసిచ్చారు. వైరస్‌తో పోరాడే యాంటీబాడీలను బయట తయారుచేసి నేరుగా గాయంలో ఎక్కించే మందే ఈ సీరం. ఆ చీటీని చుట్టాలబ్బాయి మంచిర్యాలలో ఒక ప్రైవేటు డాక్టరుకు వాట్సాప్‌లో చూపించాడు. సీరం బదులు మోనోక్లోనల్ యాంటీబాడీ అనే మందు వేయించాలి, వేలల్లో అవుతుంది అన్నారట ఆయన.

భర్త హైదరాబాదులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. ఆ పేరు వినగానే ఫోనులో, "కరోనాల అరవై వేల సూది అన్నరు గదా, అదే ఇది. మనసొంటోళ్లకు కాదు" అన్నాడు. మామగారు నది అవతలి ఊరి నుంచి పసరు మందు తెప్పించారు. దానికి పథ్యం ఉంది: పదకొండు రోజులు పిల్లాడు గడప దాటొద్దు, మధ్యలో సూది పడితే మందు పారదు. "ఒక సూది పడ్డది గదా, చాలదా? ఈ యాంటీబాడీ నిజంగ కావాల్నా, డాక్టరు పైసల కోసం చెప్తున్నడా? ఇప్పటికే ఆలస్యమైపోయిందా? మామ మాట కాదని తీస్కపోతే, రేపు పిల్లగానికి ఏమన్నైతే నన్నే అంటరు" అని అడుగుతున్నారు ఆమె. లేఖ అయిపోయాక, కింద చిన్నగా ఇంకో మాట రాశారు: "కుక్క నోట్లకెల్లి పిల్లగాన్ని గుంజేటప్పుడు నా మోచేతికి గూడ పన్ను గీసుకుని జర నెత్తురొచ్చింది. ఎవ్వలకు చెప్పలే. ఒక్కనికే పైసలు లేవు."

గురువారం ఉదయం లేఖ చూసిన వెంటనే ఈ జవాబును ముందు ఆమె ఫోనుకే పంపించి, ఆ తరవాత ఆమె అనుమతితో ఇక్కడ ఉంచుతున్నాం.

అమ్మా,

ముందు మీ చివరి మాట గురించే చెబుతాను. మీరు దాన్ని ఆఖర్న పెట్టారు గానీ నాకు అదే మొదట కనిపించింది. పన్ను గీసుకుని నెత్తురు వచ్చిందంటే, మీది కూడా పిల్లాడి కాటు వర్గంలోదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కుక్క కాట్లను మూడు వర్గాలుగా చూస్తుంది. చర్మం చిట్లని చోట నాకితే మొదటిది. నెత్తురు రాని గీతలైతే రెండోది, దానికి టీకా చాలు. చర్మం తెగి నెత్తురు వచ్చిందంటే అది మూడోది, టీకాతోపాటు సీరం కూడా పడాలి. మీ మోచేయి మూడో వర్గం. ఆదివారం నుంచి ఈరోజు దాకా మీకు ఒక్క సూదీ పడలేదు. ఇంట్లో ఇప్పుడు రోగులు ఇద్దరు. ఇకపైన లెక్క వేసుకున్న ప్రతిసారీ ఇద్దరికని వేసుకోండి.

ఈ రోజు గురువారం. పిల్లాడికి రెండో డోసు ఈ రోజే పడాలి. మొదటి సూది వేసిన రోజును సున్నాగా పెట్టుకుని మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతి అది. కండలోకి వేసే పద్ధతిలోనైతే పద్నాలుగో రోజున ఇంకొకటి ఉంటుంది. మీ కార్డు మీద ఏ తేదీలు రాశారో చూసుకుని వాటినే పాటించండి. పిల్లాణ్ని తీసుకుని అదే దవాఖానకు వెళ్లండి, కిటికీ దగ్గర మీ పేరు కూడా రాయించుకోండి, మోచేయి చూపించండి, మీ మొదటి సూది అక్కడే వేయించుకోండి. టీకా వాళ్ల దగ్గర ఉంది, ఉచితం. ఇందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. పైసా కూడా అక్కర్లేదు.

ఇంటికొచ్చాక గాయాలు కడగండి. నాలుగు రోజులైంది కదా, ఇప్పుడెందుకని అనుకోవద్దు. ధారగా పడే నీళ్లతో, సబ్బుతో, పదిహేను నిమిషాలు. పసుపూ సున్నమూ మిగిలి ఉంటే పూర్తిగా పోవాలి. ఆ తరవాత అయోడిన్ మందు తప్ప మరేదీ పూయొద్దు. చెంప మీది గాటుకు కుట్లు వేస్తామని ఎవరైనా అంటే, సీరం పడేదాకా ఆగమనండి.

ఆలస్యమైపోయిందా అని అడిగారు. కాలేదు. సీరం అయినా, మీరు రాసిన ఆ యాంటీబాడీ అయినా, టీకా మొదటి సూదితోనే పడటం మేలు. దొరకకపోతే, మొదటి సూది పడిన రోజు నుంచి ఏడో రోజు దాకా వేయొచ్చు. అది దాటితే వేయరు, ఎందుకంటే అప్పటికి టీకా ఒంట్లో సొంత యాంటీబాడీలను పుట్టించడం మొదలుపెడుతుంది. పిల్లాడికి సున్నా రోజు సోమవారం, కాబట్టి వచ్చే సోమవారం దాకా గడువు. చివరి రోజు దాకా ఆగాలని కాదు దీని అర్థం. చెంప మీద కరిచింది. ముఖం, తల కాట్లలో వైరస్ నరాల దారిన మెదడు చేరడానికి దూరం తక్కువ, నరాలు ఎక్కువ. రేపే బయలుదేరగలిగితే రేపే బయలుదేరండి.

ఇక, "ఒక సూది చాలదా" అన్న ప్రశ్న. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మీ ఇంట్లో తగువంతా ఇది తెలియకపోవడం వల్లే వచ్చింది. రేబీస్ టీకా యాంటీబాడీలను ఇవ్వదు, వాటిని తయారు చేసుకోవడం ఒంటికి నేర్పుతుంది. అందుకు ఏడు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. పొలంలో విత్తనం వేశాక పంట చేతికొచ్చేదాకా ఇంటికి బియ్యం కొనుక్కొచ్చినట్టు, ఆ మధ్య రోజులకు బయట తయారైన యాంటీబాడీలను తెచ్చి గాయంలోనే ఎక్కించడం సీరం పని. అది కాటు దగ్గరే వైరస్‌ను పట్టేస్తుంది, నరంలోకి దూరనివ్వదు. టీకా చేసే పని ఇది చేయదు, ఇది చేసే పని టీకా చేయదు. రేబీస్ లక్షణాలు ఒకసారి మొదలైతే బతకడం దాదాపు లేదు. అందుకే మీ డాక్టరు చీటీ మీద ఆ ముక్క రాశారు, ఊరికే రాయలేదు.

ఈ బయటి యాంటీబాడీలు మూడు రకాలు. గుర్రాల రక్తం నుంచి తీసేది మొదటిది, సర్కారు దవాఖానల్లో ఎక్కువగా ఉండేది అదే. మనుషుల రక్తం నుంచి తీసేది రెండోది, చాలా ఖరీదు. మూడోది మీరు విన్న మోనోక్లోనల్. ఒకే రకం కణాలను ల్యాబులో పెంచి, వాటి నుంచి ఒకే రకం యాంటీబాడీని తీస్తారు. గుర్రం అక్కర్లేదు, రక్తం అక్కర్లేదు. మన దేశంలోనే తయారవుతున్నాయి. పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ కంపెనీ వాళ్ల రేబీషీల్డ్ ఒకటి, జైడస్ కంపెనీ వాళ్ల ట్విన్‌రాబ్ ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన రేబీస్ సిఫారసుల్లో మోనోక్లోనల్‌ను కూడా చేర్చింది. అంటే మంచిర్యాల డాక్టరు లేనిది చెప్పలేదు, మిమ్మల్ని మోసం చేయలేదు. అయితే "మోనోక్లోనలే వేయించాలి" అన్నట్టు మీకు వినిపించి ఉంటే, అక్కడ ఒక్క దిద్దుబాటు. ఈ మూడింట్లో ఏది ముందు దొరికితే అదే మంచిది. గుర్రపు సీరం దొరుకుతుంటే దాన్ని వదిలేసి ఖరీదైన దాని కోసం రోజులు పోగొట్టుకోవద్దు. గుర్రపు సీరానికి రియాక్షన్ వస్తుందన్న భయం పాతకాలపుది. ఇప్పటివి బాగా శుద్ధి చేసినవి, తీవ్రమైన రియాక్షన్ అరుదు. వేశాక కాసేపు అక్కడే కూర్చోబెట్టి గమనిస్తారు.

మీ ఆయన చెప్పిన అరవై వేల మాట ఎక్కడిదో నాకు తెలుసు. 2021 మే నెలలో కరోనాకు వచ్చిన మోనోక్లోనల్ జంట మందు అది. ఒక మనిషికి 59,750 రూపాయలు. అది వేరే వైరస్‌కు వేరే మందు. ఒమిక్రాన్ వచ్చాక దాని పనే పోయింది. రేబీస్‌ది అంత ఖరీదు కాదు, డోసు ఒంటి బరువును బట్టి ఉంటుంది. ఆయనకు ఫోన్ చేసినప్పుడు ఇంకేం చెప్పకపోయినా ఈ మాట చెప్పండి. ఆయన వద్దన్నది కొడుకు వైద్యాన్ని కాదు, అరవై వేలనే.

బరువు మాట వచ్చింది కాబట్టి ఒక జాగ్రత్త చెబుతాను. రేబీషీల్డ్ కిలోకు 3.33 యూనిట్లు వేస్తారు. ట్విన్‌రాబ్ కిలోకు 40. గుర్రపు సీరం కూడా కిలోకు 40, మనిషి సీరం 20. మీ బాబు 18 కిలోలుంటే రేబీషీల్డ్ 60 యూనిట్లు, గుర్రపు సీరం అయితే 720. మీరు 50 కిలోలుంటే రేబీషీల్డ్ సుమారు 167, గుర్రపు సీరం 2,000. సీసా మీది అంకె పెద్దదైతే మందు బలమైందనీ, చిన్నదైతే తక్కువదనీ అనుకోవద్దు. ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు, డాక్టరు ఆ సీసా కాగితం చూసే వేయాలి. అందుకే ఇద్దరి బరువూ దవాఖానలోనే తూయించుకోండి. ఇంకో సంగతి, ఇది నేను గట్టిగా చెబుతాను. మందు గాయంలోకీ గాయం చుట్టూ చర్మంలోకీ ఎక్కాలి. చెంప మీద సూది అంటే పిల్లాడు ఏడుస్తాడు, మీకు చూడబుద్ధి కాదు. కొందరు జాలిపడి భుజానికో పిర్రకో వేసి పంపించేస్తారు. అలా చేస్తే మందు ఉండాల్సిన చోట ఉండదు. "గాయంలోనే వేయండి, నేను పట్టుకుంటాను" అనండి.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లడం. మీకు మూడు దారులున్నాయి, వాటిలో ఏది సరైనదో ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. ఫోను మీద తేలుతుంది. మహారాష్ట్ర వైపు అహేరి ఉపజిల్లా దవాఖాన, ఆ పైన గడ్చిరోలి, చంద్రపూర్. 2023 ఆగస్టు 15 నుంచి మహారాష్ట్ర ప్రజారోగ్య శాఖ దవాఖానల్లో వైద్యం ఉచితం, మీ చీటీ అక్కడి వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఇబ్బంది దూరం. గడ్చిరోలి మీకు రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అంతదూరం వెళ్లాక అక్కడా లేదంటే ఒక రోజు పోయినట్టే. తెలంగాణ వైపు ప్రాణహిత వంతెన దాటి చెన్నూరు మీదుగా మంచిర్యాల ఉంది. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, మహదేవ్‌పూర్ మీదుగా భూపాలపల్లి, ఆ పైన వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖాన. దూరం తక్కువ, భాష మనది. మహారాష్ట్ర ఆధార్ చూసి పంపించేస్తారేమోనని మీరు రాయలేదు గానీ, మీ వైపు నుంచి వచ్చే చాలా లేఖల్లో ఆ భయం ఉంటుంది. ఆరోగ్యశ్రీ లాంటి కార్డులకు రాష్ట్రం లెక్క ఉంటుంది. కుక్క కాటు సూదికి ఆ కార్డుతో పని లేదు, ఓపీ చీటీ చాలు. అత్యవసరంగా వచ్చిన మనిషికి వైద్యం చేయడం ప్రతి డాక్టరు బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులోనే చెప్పింది.

బస్సు ఎక్కేముందు ఫోన్ చేయాలి. మీ చుట్టాలబ్బాయికి ఈ పని అప్పజెప్పండి, ఓపికున్నవాడిలా ఉన్నాడు. మీ ఆశా కార్యకర్తను, లేదా ఈ రోజు సూది వేసే డాక్టరునే పెద్ద దవాఖానకు ఫోన్ చేయమని అడగండి. డాక్టరు అడిగితే స్టోరు నుంచి జవాబు త్వరగా వస్తుంది. "కుక్క సూది ఉందా" అని అడిగితే అందరూ ఉందనే అంటారు, ఎందుకంటే టీకా చాలా చోట్ల ఉంటుంది. సీరం అసలు పేరు ఇమ్యునోగ్లోబులిన్, కాబట్టి "రేబీస్ ఇమ్యునోగ్లోబులిన్ లేదా మోనోక్లోనల్ ఉందా, ఇద్దరికి సరిపోతుందా" అని అడగాలి. మరాఠీలో అయితే "రేబీజ్ ఇమ్యునోగ్లోబులిన్ ఆహే కా, దోఘాంసాఠీ పురేల్ కా" అంటే చాలు. ఉందని చెప్పినవాళ్ల పేరు రాసుకోండి.

మూడో దారి డబ్బు పెట్టి కొనడం. సర్కారు దవాఖానల్లో శనివారం దాకా ఎక్కడా ఖాయం కాకపోతే ఈ దారే పట్టాలని నా అభిప్రాయం. అప్పు చేయాల్సి వచ్చినా సరే. కొనేముందు ఇద్దరి బరువూ చెప్పి, ఎన్ని సీసాలు కావాలి, సీసా ఎంత, వేసినందుకు ఎంత అని విడివిడిగా అడగండి. సీసా మీద ముద్రించిన ధర చూడండి, బిల్లు తీసుకోండి. మందు కొనుక్కుని ఊరికి తెచ్చి వేయిద్దామన్న ఆలోచన పెట్టుకోవద్దు. అది 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, గడ్డ కట్టకూడదు, ఎండలో బస్సులో సంచిలో పెట్టుకొస్తే ఏమవుతుందో చెప్పలేం. కొన్నచోటే వేయించుకోవాలి. ఇద్దరికీ చాలినంత డబ్బు అందకపోతే, ముఖం కాటు కాబట్టి ముందు బాబుకు వేయించండి. మీరు ఈ రోజు టీకా మొదలుపెడితే మీ ఏడు రోజులు ఈ రోజు నుంచి మొదలవుతాయి, వచ్చే గురువారం దాకా మీ కోసం వెతకొచ్చు. ఇది మీరు వెనక్కి తగ్గడానికి చెబుతున్న మాట కాదు, రెండోసారి కూడా బయలుదేరడానికి చెబుతున్నది.

నాలుగో దారి ఒకటి ఉంది, దాన్ని దాచను. ఎంత వెతికినా సోమవారానికి బాబుకు దొరకలేదనుకోండి. అప్పుడు టీకా మాత్రం ఒక్క డోసు తప్పకుండా పూర్తి చేయాలి. సీరం పడలేదు కాబట్టి సూదులు వృథా అని మానేయడం అన్నిటికన్నా ప్రమాదం. సీరం లేకుండా టీకాతో బయటపడ్డవాళ్లు ఉన్నారు. కానీ చెంప కాటుకు ఆ ధైర్యం మీద కూర్చోమని నేను చెప్పలేను.

మామగారి గురించి. ఆయనది మొండితనం కాదు, భయమని నాకనిపిస్తోంది. రోజూ అన్నం పెట్టిన కుక్క మనవడి ముఖం మీద పడింది. అది పిచ్చిది కాదని నమ్మడం ఆయనకు ఇప్పుడు చాలా అవసరం. ఇంకో సంగతి కూడా ఉండొచ్చు. ఆయన వయసువాళ్లు చూసిన కుక్క సూదులు బొడ్డు చుట్టూ పద్నాలుగు. గొర్రె మెదడు నుంచి చేసిన ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004తో ఆగిపోయింది. ఇప్పుడు జబ్బకు సన్న సూది. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. పసరు మాటకొస్తే, కరిచిన ప్రతి కుక్కకూ రేబీస్ ఉండదు. లేని కుక్క కరిచి పసరు తాగినవాళ్లంతా బతుకుతారు, ఆ పేరు పసరుకు వస్తుంది. ఉన్న కుక్క కరిచినవాళ్ల సంగతి నెలా రెండు నెలల తరవాత బయటపడుతుంది, అప్పటికి పసరును ఎవరూ గుర్తు చేసుకోరు. నాకు పసరు కన్నా ఎక్కువ భయం దాని పథ్యం మీద. పదకొండు రోజులు గడప దాటొద్దంటే ఆ ఏడు రోజుల గడువూ అందులోనే మునిగిపోతుంది.

ఆయనతో వాదానికి దిగితే రెండు రోజులు వాదంలోనే పోతాయి. ఈ రోజు టీకాకు వెళ్లేటప్పుడు ఆయన్నీ వెంట తీసుకెళ్లండి. డాక్టరుతో మీరు మాట్లాడకండి, ఆయన్నే అడగనివ్వండి. కుక్క మాయమైందని, దూడనూ కరిచిందని ఆయన నోటితోనే చెప్పనివ్వండి. కరిచిన కుక్క పది రోజులు కళ్ల ముందు ఆరోగ్యంగా తిరిగితే భయం లేదంటాం. కనపడకుండా పోయిన కుక్కకు ఆ లెక్క చెల్లదు, రేబీస్ ఉన్నట్టే అనుకోవాలి. ఈ మాట కోడలి నోటి నుంచి వస్తే ఎదురు చెప్పినట్టుంటుంది, డాక్టరు నోటి నుంచి వస్తే వైద్యం. మీ ఆయన చేత కూడా ఈ రోజే నాన్నకు ఫోన్ చేయించండి. "నువ్వు కూడా వాళ్లతో పో నాయనా" అని అడగమనండి. పెద్దదిక్కుగా ఆయనే బస్సెక్కితే సగం చిక్కు విడిపోతుంది.

ఆయన ఒప్పుకోకపోతే? అప్పుడు మీరు ఒప్పుకోలు లేకుండానే వెళ్లాలి. మాట పడతారు, కొన్నాళ్లు ఇంట్లో ముఖాలు మాడిపోతాయి. "ఏమన్నైతే నన్నే అంటరు" అని రాశారు. నిజమే, అంటారు. వెళ్లకుండా ఉండి ఏదైనా అయితే కూడా మిమ్మల్నే అంటారమ్మా, తల్లివి కదా, తీసుకుపోలేదా అని. రెండు వైపులా నింద ఉన్నప్పుడు పిల్లాడు బతికే వైపు నడవండి.

మోచేతి సంగతి ఈ రాత్రికే మీ ఆయనకు చెప్పండి. డబ్బు కోసం పరుగెత్తేది ఆయన, ఒకరికా ఇద్దరికా అన్నది ఆయనకు తెలియాలి. మీరు గర్భంతో ఉన్నా, ఇంకా పాలిస్తున్నా కూడా టీకాకూ సీరానికీ అడ్డం లేదు.

పక్కింటివాళ్లకు దూడ గురించి కూడా చెప్పి పంపండి, పశువులకూ కాటు తరవాత వేసే టీకా ఉంది, పశువైద్యుడికి చూపించాలి. దాని నోట్లో చేయి పెట్టొద్దనీ చెప్పండి. కుక్క నాకినవాళ్లు, దాన్ని తరిమేటప్పుడు గీసుకున్నవాళ్లు మీ వాడలో ఇంకెవరైనా ఉన్నారేమో అడగండి, వాళ్లనూ ఈ రోజే మీతోపాటు తీసుకెళ్లండి. సీరం ఎక్కడ ఖాయమైందో తెలిసిన వెంటనే నాకు ఒక్క ముక్క రాయండి, ఎక్కడా కాకపోతే శనివారం మధ్యాహ్నం లోపు రాయండి, ఆదివారం కూడా తెరిచి ఉండే చోటు కలిసి వెతుకుదాం.